నిప్పుకు కరగని పోగు, తూటాను ఆపిన నేత

పోగు గట్టిదా కాదా అని చూడ్డానికి మన ఇళ్ళల్లో ఏ మిషనూ అక్కర్లేదు. రెండు చేతుల వేళ్ళకు చుట్టుకుని ఒక్క గుంజు గుంజితే చాలు, తెగిన తీరు బట్టి అది ఏ నూలో, ఎంత పేట పడిందో, గంజి సరిగ్గా పట్టిందో లేదో పెద్దవాళ్ళు చెప్పేస్తారు. షోలాపూర్‌లో చద్దరు నేసినా, భివండీలో సాంచాలు నడిపినా, సేలం, కోయంబత్తూరుల్లో మగ్గం మీద కూర్చున్నా, బరంపురంలో పట్టు నేసినా ఈ విద్య మాత్రం అందరికీ ఒకటే.

అయితే గత శతాబ్దంలో ఈ గుంజుడు పరీక్షకు లొంగని పోగులు కొన్ని పుట్టాయి. చేత్తో గుంజితే వేలు కోసుకుంటుంది గానీ పోగు తెగదు. మామూలు కత్తెర వేస్తే జారిపోతుంది. నిప్పు చూపిస్తే కరిగి కారిపోదు. తూటాకు అడ్డం పెడితే ఆపుతుంది. కెవ్లార్, నోమెక్స్ అనే పేర్లు వినే ఉంటారు. ఇవన్నీ ల్యాబుల్లో సైంటిస్టులు చేసిన అద్భుతాలని పేపర్లలో చదువుతుంటాం. అందులో అబద్ధం లేదు. కాకపోతే కథలో సగమే అది. పోగును ల్యాబు ఇచ్చింది. ఆ పోగును ప్రాణం కాపాడే బట్టగా మార్చింది నేత. మన వృత్తికి చెందిన ఆ రెండో సగం కూడా కలిపి ఈ చరిత్రను ఒకసారి చెప్పుకుందాం.

నూలు, పట్టు తూటాలను ఆపిన రోజులు

బట్టతో తూటాను ఆపొచ్చనే ఆలోచన కెవ్లార్‌తో పుట్టింది కాదు. 1866లో ఫ్రెంచి నౌకాదళం కొరియా మీద దాడి చేశాక, అక్కడి జోసన్ రాజ్యం తుపాకులకు తట్టుకునే కవచం కోసం వెతికింది. చివరికి వాళ్ళకు దొరికిన జవాబు నూలు గుడ్డ. పదికి పైగా పొరలు ఒకదాని మీద ఒకటి వేసి కుట్టిన ఆ చొక్కాను 'మ్యోన్జే బేగాప్' అన్నారు. 1871లో అమెరికా సేన గంగ్వా దీవి మీదికి వచ్చినప్పుడు కొరియా సైనికులు దాన్నే తొడుక్కుని పోరాడారు. తూటా దెబ్బను అది కొంత ఆపింది గానీ, ఎండాకాలంలో ఒళ్ళు ఉడికిపోయేది. అంతకన్నా పెద్ద చిక్కు, ఫిరంగి గుండు నిప్పురవ్వలు పడితే అంటుకునేది. గట్టిదనం వేరు, నిప్పును తట్టుకోవడం వేరు అన్న పాఠం అక్కడే ఉంది.

ఇక పట్టు సంగతి. అమెరికాలోని అరిజోనాలో జార్జ్ గుడ్‌ఫెలో అనే డాక్టరు ఉండేవాడు. తుపాకీ దెబ్బలు తిన్నవాళ్ళకు వైద్యం చేయడంలో ఆయన దిట్ట. తూటా ఒంట్లోకి దిగినా దానికి అడ్డంపడ్డ పట్టు రుమాలు చినగకపోవడం ఆయన గమనించాడు. 1887లో ఆ విషయం మీద వ్యాసమే రాశాడు. తర్వాత 1893లో చికాగో మేయరును ఇంట్లోనే కాల్చి చంపారు. ఆ ఊళ్ళో ఉండే పోలండ్ దేశపు క్రైస్తవ సన్యాసి కాజిమీర్ జెగ్లెన్‌ను ఆ సంఘటన కదిలించింది. పట్టును దట్టంగా నేసి, పొరలుగా పేర్చి చొక్కా చేశాడు. 1897లో పేటెంటు తీసుకున్నాడు.

జెగ్లెన్‌కు ఎదురైన అసలు కష్టం మనకు ఇట్టే అర్థమవుతుంది. అంత దట్టమైన పట్టును చేత్తో నేయడం చాలా నిదానం, మామూలు మగ్గాలు దానికి సరిపోలేదు. తన బట్టను నేయగల మగ్గం కోసం యూరప్ వెళ్ళాడు. అక్కడ నేత యంత్రాల్లో ఆరితేరిన యాన్ ష్చెపానిక్ అనే ఇంజనీరు సాయం దొరికాకే పని ముందుకు సాగింది. పదార్థం చేతిలో ఉన్నా నేత కుదరకపోతే కవచం తయారు కాదని అప్పుడే తేలింది. తర్వాత తుపాకులు వేగం పెంచుకున్నాయి, పట్టు చొక్కా వెనకబడింది. ధర కూడా సామాన్యుడికి అందేది కాదు.

నైలాన్ వచ్చింది, కానీ కరిగింది

1935లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ల్యాబులో వాలెస్ కారోథర్స్ బృందం నైలాన్‌ను తయారుచేసింది. 1940లో నైలాన్ మేజోళ్ళు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ పట్టు ఆగిపోయేసరికి పారాచూట్లకు నైలానే దిక్కయింది. గట్టిది, తేలిక, చివకదు. ఇన్ని గుణాలున్నా ఒక్క లోపం ఉంది. వేడికి కరుగుతుంది. దుస్తుల్లో వాడే నైలాన్, పాలిస్టరు సుమారు 260 డిగ్రీల దగ్గర కరిగిపోతాయి. కరిగిన బట్ట ఒంటికి అంటుకుంటే గాయం ఇంకా లోతుగా అవుతుంది. నైలాన్ చీర కట్టుకుని పొయ్యి దగ్గరికి పోవద్దని మన అమ్మమ్మలు అనేది ఊరికే కాదు.

అంతకుముందు వేడికి తట్టుకునే నార అంటే రాతినారే, అదే ఆస్బెస్టాస్. కొలిమి దగ్గర గ్లౌజులకు, ఏప్రాన్లకు, బండ్ల బ్రేకులకు అదే వాడేవారు. కానీ దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణాంతక జబ్బులు తెచ్చింది. గట్టిదై, నిప్పుకు కరగక, మనిషికి హాని చేయని నార కావాలి. ఆ వెతుకులాట డ్యూపాంట్ ల్యాబులోనే సాగింది.

మొదట దొరికింది నోమెక్స్. 1960ల మొదట్లో విల్‌ఫ్రెడ్ స్వీనీ అనే సైంటిస్టు చేతిలో రూపుదిద్దుకుని, 1967లో మార్కెట్లోకి వచ్చింది. ఇది కరగదు. సుమారు 370 డిగ్రీలు దాటితే మాడటం మొదలవుతుంది. మాడేటప్పుడు ఉబ్బి, మందమై, మంటకూ ఒంటికీ మధ్య బొగ్గు పొరలా నిలబడుతుంది. మంట తీసేస్తే తనంతట తానే ఆరిపోతుంది. ఫైర్ సిబ్బందికి ఆ కొన్ని సెకన్లే ప్రాణం. బయటికి పరిగెత్తే వ్యవధి అదే.

మజ్జిగలాంటి ద్రావణం

నోమెక్స్ నిప్పుకు తట్టుకున్నా, ఉక్కుతో పోటీపడేంత గట్టిది కాదు. ఆ గట్టిదనం తెచ్చిన మనిషి స్టెఫనీ క్వోలెక్. 1923లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పోలండ్ నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టింది. పదేళ్ళ వయసులో తండ్రి పోయాడు. తల్లికి కుట్టుపని వచ్చు. ఆ కుట్టు మిషను దగ్గరే స్టెఫనీకి గుడ్డ మీద మోజు పుట్టింది. పెద్దయ్యాక బట్టల డిజైనర్ అవుదామనుకుంది. తర్వాత డాక్టరు చదవాలనుకుంది. ఆ చదువుకు డబ్బు కూడబెట్టుకుందామని 1946లో డ్యూపాంట్‌లో ఉద్యోగానికి చేరింది. ఆ పని నచ్చి అక్కడే ఉండిపోయింది.

1964 ప్రాంతంలో పెట్రోలు కొరత వస్తుందన్న భయంతో కంపెనీ ఆమె బృందానికి ఒక పని అప్పజెప్పింది. కారు టైర్లలో ఉక్కు తీగ బదులు వాడగలిగే తేలికైన, గట్టి నార కావాలి. మరుసటి ఏడాది ఆమె చేసిన ఒక ద్రావణం వింతగా వచ్చింది. ఇలాంటి ద్రావణాలు మామూలుగా తేనెలా చిక్కగా, తేటగా ఉండాలి. ఇది మజ్జిగలా పలుచగా, తెల్లగా మసకబారి ఉంది. ఇంకెవరైనా అయితే పాడైపోయిందని పారబోసేవారు.

పారబోయకుండా ఆమె దాన్ని పోగు తీసే చోటికి పట్టుకెళ్ళింది. అక్కడ స్పిన్నరెట్ అనే మిషను ఉంటుంది. జల్లెడలాంటి సన్న రంధ్రాల్లోంచి ద్రావణాన్ని నెట్టి పోగు తీస్తుంది. దాన్ని నడిపే చార్లెస్ స్మల్లెన్ ముందు ఒప్పుకోలేదు. మసకగా ఉందంటే అందులో నలకలుంటాయి, నా రంధ్రాలు మూసుకుపోతాయి అన్నాడు. అతని భయం న్యాయమైందే. గంజిలో ఉండలుంటే అచ్చు దగ్గర ఏం జరుగుతుందో మనకు తెలీదా? ఆమె ద్రావణాన్ని వడకట్టి చూసింది, నలకలేం లేవు. పట్టు వదలకుండా అడిగి ఒప్పించింది. చివరికి అతను పోగు తీశాడు.

ఆ పోగు నైలాన్ తెగే చోట తెగలేదు. పరీక్షలో వచ్చిన అంకెలను ఆమే నమ్మలేదు. మళ్ళీ మళ్ళీ పరీక్షకు పంపి, అవే అంకెలు వచ్చాకే పైవాళ్ళకు చెప్పింది. అదే కెవ్లార్‌కు మూలం. దాన్ని ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున తీసే పద్ధతిని అదే కంపెనీలో హెర్బర్ట్ బ్లేడ్స్ రూపొందించాడు. గాఢమైన సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించి, రంధ్రాల్లోంచి వచ్చిన పోగును కాస్త గాలిలో సాగదీసి, ఆ వెంటనే చల్లని నీళ్ళలోకి దించడం ఆ పద్ధతి. 1970ల మొదట్లో కెవ్లార్ మార్కెట్లోకి వచ్చింది.

పేటెంటు హక్కులను స్టెఫనీ కంపెనీకి రాసిచ్చేసింది. ఆ రోజుల్లో అదే పద్ధతి. కెవ్లార్ అమ్మకాల లాభాల్లో ఆమెకు వాటా రాలేదు. గౌరవాలు మాత్రం వచ్చాయి. 1996లో అమెరికా ప్రభుత్వం జాతీయ టెక్నాలజీ పతకం ఇచ్చింది. 2014లో 90 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. పని ఒకరిది, లాభం ఇంకొకరిది కావడం నేతవాళ్ళకు కొత్త కథేం కాదు.

ఎందుకంత గట్టి?

మజ్జిగలా మసకబారడంలోనే రహస్యం ఉంది. నైలాన్ అణువుల గొలుసులు ద్రావణంలో చిక్కుపడ్డ చిలపలా ఉంటాయి. కెవ్లార్ గొలుసులు వంగవు, పుల్లల్లా నిటారుగా ఉంటాయి. ద్రావణంలోనే అవి గుంపులు గుంపులుగా ఒకే వైపు తిరిగి వరుస కడతాయి. అందుకే మసక. సన్న రంధ్రంలోంచి నెట్టేసరికి అన్నీ పోగు పొడవునా సర్దుకుంటాయి, ఆసు పోసి సాపుగా లాగి కట్టిన పడుగులాగా. పక్కపక్కనున్న గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. చిక్కుపడ్డ నూలుకూ, బిర్రుగా లాగిన పడుగుకూ ఉన్న తేడానే ఇది.

నోమెక్స్ కూడా ఈ కుటుంబందే. దాని గొలుసుల్లో వంపులుంటాయి కాబట్టి మెత్తగా, ఒంటికి వేసుకోవడానికి అనువుగా ఉంటుంది. గట్టిదనం తక్కువ. ఈ తరగతి నారలకు 1974లో అమెరికా వాణిజ్య కమిషన్ 'ఆరమిడ్' అనే సాధారణ పేరు ఖాయం చేసింది. కెవ్లార్, నోమెక్స్ అనేవి కంపెనీ పెట్టుకున్న బ్రాండు పేర్లు. నెదర్లాండ్స్‌లో ఇలాంటి నారే ట్వారాన్ పేరుతో వచ్చింది.

ఒకే బరువు తీసుకుంటే కెవ్లార్ ఉక్కు కంటే సుమారు ఐదింతలు గట్టిది. ఉక్కు సాంద్రత 7.8 అయితే దీనిది 1.44, అంటే మన నూలుకు దగ్గర. 400 డిగ్రీలు దాటేదాకా చెడదు, కరగడమనేదే లేదు. లోపాలూ ఉన్నాయి. ఎండకు రంగు మారి బలం తగ్గుతుంది. నిలువునా నొక్కితే అంత గట్టిది కాదు. పసుపు బంగారు రంగులో పుడుతుంది, అద్దకానికి ఒక పట్టాన లొంగదు. గట్టి నారలన్నీ నిప్పుకు తట్టుకుంటాయని కూడా అనుకోవద్దు. డైనీమా అనే పాలిథిలీన్ నార బరువును బట్టి చూస్తే కెవ్లార్ కంటే గట్టిది, నీళ్ళలో తేలుతుంది, కానీ 150 డిగ్రీలకే కరిగిపోతుంది.

పోగు ఒక్కటే చాలదు

టైర్ల కోసం పుట్టిన నారను ఒంటి మీదికి తెచ్చినవాడు లెస్టర్ షూబిన్. అమెరికా న్యాయశాఖ పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. 1970లలో సైన్యానికి చెందిన నికొలస్ మొంటనరెల్లితో కలిసి కెవ్లార్ బట్టను మడతలు వేసి కాల్చి చూశాడు. తూటాలు దూరలేదు. తర్వాత 1975లో 15 నగరాల పోలీసులకు 5,000 చొక్కాలు ఇచ్చి పరీక్షించారు. ఆ డిసెంబరులోనే సియాటిల్‌లో ఒక పోలీసు ప్రాణం దక్కింది. అప్పటి నుంచి ఇలాంటి చొక్కాలు అమెరికాలోనే 3,000 మందికి పైగా పోలీసులను కాపాడాయి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. కెవ్లార్ పోగుల కట్టను ఒంటికి చుట్టుకుంటే తూటా ఆగదు. తూటా వాటిని పక్కకు తోసుకుని పోతుంది. పడుగూ పేకా కలిస్తేనే ఆగుతుంది. ఎలాగంటే, తూటా తగిలిన చోట రెండు మూడు పోగులు సాగుతాయి. ఆ దెబ్బ పోగు పొడవునా పరుగెడుతుంది. పడుగు పేక దాటే ప్రతి చోటా కొంత దెబ్బ పక్క పోగుకు పంచుకుంటుంది. ఒక పొరలో మిగిలింది రెండో పొరకు, అక్కణ్ణుంచి మూడోదానికి. అలా పదుల పొరలు కలిసి తూటా వేగాన్ని మింగేస్తాయి. కొనకొచ్చేసరికి తూటా పుట్టగొడుగులా చదునైపోతుంది.

కాబట్టి నేత మరీ పలుచగా ఉంటే తూటా సందు చేసుకుని దూరుతుంది. మరీ బిగువుగా ఉంటే పోగులు వంకర్లు ఎక్కువై, నేసేటప్పుడే దెబ్బతిని బలం కోల్పోతాయి. ఈ రెండిటి మధ్యన కొలత పట్టుకోవడమే పనితనం. కవచాలకు ఎక్కువగా వాడిన ఒక కెవ్లార్ బట్ట లెక్క చూడండి: 1000 డెనియర్ పోగు, అంగుళానికి 31 పడుగు, 31 పేక, సాదా నేత. జరీ లేదు, బుటా లేదు, అంచు లేదు. మన పిల్లలు మొట్టమొదట నేర్చుకునే నేతే అది. లెక్క తప్పకుండా, బిగువు మారకుండా, ఒక్క పోగు జారకుండా నేయడమే అందులో గొప్ప.

నేయడం మాత్రం సులువు కాదు. అచ్చుకు, కళ్ళకు రాసుకుని పోగు మీద నూగు లేస్తుంది. నూగు లేచిందంటే బలం తగ్గినట్టే. అందుకని పోగు నడిచే దారంతా నున్నగా ఉండాలి. పడుగంతా ఒకే బిగువులో ఉండాలి. కోయడానికి ప్రత్యేకమైన కత్తెరలు కావాలి. నేశాక పోగు మీది నూనె, గంజి కడిగేయాలి. తడిస్తే పోగులు ఒకదాని మీద ఒకటి జారి బట్ట తూటాను ఆపే శక్తి తగ్గుతుంది కాబట్టి, నీళ్ళూ ఎండా తగలని సంచిలో పొరలను మూసి కుడతారు. ఇక రైఫిల్ తూటాలకు బట్ట ఒక్కటే చాలదు, ముందు సిరామిక్ పలక ఉండాల్సిందే.

నమ్మకం పోయిన నార

కెవ్లార్ కంటే గట్టిదని పేరు తెచ్చుకున్న జైలాన్ అనే నార జపాన్ నుంచి వచ్చింది. నిప్పుకు తట్టుకోవడంలో కూడా దానిదే పైచేయి. కొత్తగా ఉన్నప్పుడు దానికి తిరుగులేదు. అయితే 2003లో అమెరికాలో జైలాన్ చొక్కాలు తొడుక్కున్న పోలీసులకు తూటాలు దిగాయి. ఒకరు చనిపోయారు. వాడుకలో తేమ, వేడి తగిలి ఆ నార లోపల్లోపల బలహీనపడుతోందని పరిశోధనలో తేలింది. 2005లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఆ నారతో చేసిన చొక్కాలకు ఇచ్చిన ఆమోదాన్ని ఎత్తేసింది.

చీరలో దోషం వస్తే మాట పడతాం, కూలి కోస్తారు. ఇక్కడ దోషానికి మనిషే పోతాడు. అందుకే కొత్త పోగును ఇవాళ్టి బలంతో కొలిస్తే చాలదు, ఐదేళ్ళ చెమటా ఎండా తగిలాక ఎంత మిగిలిందో కూడా చూడాలి. ఉతికితే రంగు నిలబడుతుందా అని అడిగే మన పెద్దల ప్రశ్న లాంటిదే ఇది.

మన చుట్టూ, మన పిల్లల ముందు

ఈ నారలు ఎక్కడో సైన్యంలోనే ఉంటాయనుకోకండి. వీధిలో ఇంటర్నెట్ ఫైబర్ కేబుల్ తెగి వేలాడుతుంటే లోపల పసుపుపచ్చ పోగుల కుచ్చు కనిపిస్తుంది చూడండి, చాలావాటిలో అది ఆరమిడే. గాజు తీగ తెగకుండా లాగుడు భారం అంతా మోసేది అదే. ట్రాన్స్‌ఫార్మర్లలో, మోటార్లలో కరెంటు తీగలకు అడ్డంగా నోమెక్స్ కాగితం ఉంటుంది. బండ్ల బ్రేకుల్లో ఆస్బెస్టాస్ స్థానంలో ఆరమిడ్ చేరింది. ఫైర్ సిబ్బంది కోట్లు, పెట్రోలు రిఫైనరీ కార్మికుల దుస్తులు, గాజు, రేకు కోసేవాళ్ళ గ్లౌజులు, సిమెంటు ఫ్యాక్టరీల్లో వేడి పొగను వడకట్టే సంచులు కూడా ఈ కుటుంబంవే.

మన దేశంలో కాన్పూర్‌లోని డీఆర్‌డీవో ల్యాబు తూటా చొక్కాల మీద ఏళ్ళుగా పనిచేస్తోంది. 2018లో ఈ చొక్కాలకు ఐఎస్ 17051 అనే భారతీయ ప్రమాణం వచ్చింది. 2020లో కేంద్ర ప్రభుత్వం 1,480 కోట్ల రూపాయలతో జాతీయ సాంకేతిక జౌళి మిషన్‌ను ఆమోదించింది. ఇలాంటి బట్టల కోసం నడిచే కేంద్రాలు మనవాళ్ళున్న చోట్లకు దగ్గర్లోనే ఉన్నాయి. కోయంబత్తూరులో పీఎస్‌జీ కాలేజీ పారిశ్రామిక బట్టలను, సిట్రా వైద్య బట్టలను చూస్తాయి. ముంబైలో బీటీఆర్ఏ, ససమీరా, ఇచల్‌కరంజీలో డీకేటీఈ ఉన్నాయి. నిప్పుకు తట్టుకునే రక్షణ దుస్తుల పని గాజియాబాద్‌లోని నిట్రాది.

దీన్ని చూసి రేపే గుంట మగ్గం మీద కెవ్లార్ నేసేద్దాం అనుకోవడం అమాయకత్వం. పోగు ఖరీదు, చాలావరకు దిగుమతి సరుకు. దానికి రేపియర్ మగ్గాలు, పరీక్ష ల్యాబు, సర్టిఫికెట్లు కావాలి. ఒక్క ఇంటివల్ల అయ్యేది కాదు. నాలుగు కార్ఖానాలు కలిసి, సొసైటీగానో కంపెనీగానో నిలబడితేనే ఆలోచించదగ్గది. గ్లౌజులు, వడపోత బట్టలు, బెల్టులు, రక్షణ దుస్తుల లాంటి వాటితో మొదలుపెట్టొచ్చు. తూటా చొక్కా ఆఖరి మెట్టు. స్టెఫనీ కథ గుర్తుంచుకుని, పని మొదలయ్యేముందే లాభంలో వాటా ఎవరిదో కాగితం మీద రాసుకోవాలి.

మన ఇళ్ళల్లో పిల్లలు మగ్గం వదిలి వెళ్ళిపోతున్నారని బాధపడుతున్నాం. పొట్ట నిండని పనిలో ఉండమని వాళ్ళను కట్టేయలేం. కానీ వాళ్ళు ఇంజనీరింగు చదివినా, కెమిస్ట్రీ చదివినా, వెళ్ళేముందు పడుగు ఎలా తోడతారో, బిగువు చేత్తో ఎలా తెలుస్తుందో, ఒక పోగు జారితే బట్ట ఎలా చెడుతుందో ఒకసారి కూర్చోబెట్టి చూపిద్దాం. కుట్టు మిషను దగ్గర పెరిగిన ఒక అమ్మాయి, అందరూ పారబోసే ద్రావణాన్ని పోగు తీసి చూడాలని పట్టుబట్టింది. గుడ్డ మీద మమకారం ఉన్న పిల్ల సైన్సు చదివితే ఏం చేయగలదో ఆమె చూపించింది. అలాంటి పిల్లలు మన వాడల్లోనూ ఉన్నారు. వాళ్ళను చదివించడం మన బాధ్యత.